మీకు తెలుసా? సముద్రమెక్కిన గోదావరి

రాజమండ్రి గట్టు మీద నిలబడి రోజూ చూసే మన గోదావరి పేరు మూడు యుద్ధనౌకలకు పెట్టారని మీకు తెలుసా? మొదటిది 1943లో బ్రిటన్‌లో తయారైంది. దేశ విభజన పంపకాల్లో పాకిస్థాన్ వాటాకు పోయి ‘సింధ్’గా పేరు మార్చుకుంది. రెండోది 1953లో బ్రిటన్ నుంచి తెచ్చుకున్న పాత డిస్ట్రాయర్.

మూడోది మాత్రం మనదే. 1983 డిసెంబరు 10న నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ గోదావరి, మనవాళ్లు సొంతంగా డిజైన్ చేసిన తొలి క్షిపణి ఫ్రిగేట్. బొంబాయి మజగావ్ డాక్‌లో కట్టారు. అంతకుముందు కట్టిన నీలగిరి తరగతి ఓడలకు నమూనా బ్రిటిష్‌వాళ్లది. అదే శక్తిగల ఆవిరి యంత్రాలతో అంతకంటే బాగా పెద్ద ఓడను నడిపించి, రెండు సీకింగ్ హెలికాప్టర్లకు చోటిచ్చారు.

అసలు చిక్కు సామగ్రి కొనుగోలులో ఉంది. అవి ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు. క్షిపణులు సోవియట్‌వి, పోరాట సమాచారం చూసే కంప్యూటర్ వ్యవస్థ ఇటలీది, హెలికాప్టర్లు బ్రిటన్‌వి. వైరి శిబిరాల సరుకును ఒకే ఓడలో కలిపి పనిచేయించే బాధ్యత మన ఇంజనీర్ల మీదే పడింది. ఓడను గీసే విభాగం నేవీ ప్రధాన కార్యాలయంలోనే ఉండటం, వాడేవాళ్లూ గీసేవాళ్లూ ఒకే సంస్థవాళ్లు కావడం ఇక్కడ కలిసొచ్చిందని నా గట్టి నమ్మకం. యుద్ధనౌకలు కట్టే యార్డుల్లో నేవీ పర్యవేక్షణ బృందాలు మకాం వేసి దశదశకూ పనిని పరీక్షిస్తాయి. ముంబైలోనూ విశాఖలోనూ అలాంటి బృందాలున్నాయి.

1988 నవంబరులో మాల్దీవుల్లో ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర విఫలమయ్యాక, బందీలతో ఓడలో పారిపోతున్న కిరాయి సైనికులను పట్టుకున్నది గోదావరి, బేత్వా నౌకలే. 2015 డిసెంబరు 23న గోదావరి నేవీ సేవ నుంచి విరమించింది.

అన్ని పనులూ ఇంత సాఫీగా సాగలేదు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు 2006లో మరమ్మతుకు వచ్చిన సింధుకీర్తి జలాంతర్గామి తిరిగి నేవీకి చేరింది 2015లో! యార్డు 2010 దాకా రక్షణ శాఖది కాదు, నౌకాయాన శాఖది. కొనేది ఒక శాఖ, యార్డును నడిపేది మరో శాఖ అయితే ఆలస్యానికి జవాబు చెప్పేదెవరు? అదే యార్డుకు 2023 ఆగస్టులో సుమారు 19,000 కోట్ల రూపాయల కాంట్రాక్టు దక్కింది. నౌకాదళానికి ఇంధనం, సరుకులు మోసే ఐదు పెద్ద ఓడలను ఎనిమిదేళ్లలో కట్టివ్వాలి.