పున్నమి సంధ్య

పున్నమి రేయి నగరమును ఛాయాచిత్రమున నిలుపనెంచిన వారికి సాధారణముగా రెండింట నొక్కటియే దక్కును. భవనములు చక్కగా పడినచో చంద్రుడు మచ్చలేని తెల్లని బిళ్లయగును. జాబిల్లి మచ్చ తెలిసినచో నగరము కాటుక చీకటిలో మునిగిపోవును.

ఇది యంత్రదోషము కాదు. మనకు రాత్రియే కాని చంద్రునిపై పడుచున్నది ఎండయే. అతని చిత్రమునకు సెకనులో నూరవ వంతు చాలును. చీకటిలోని భవనములకు పలు సెకనులు కావలెను. రెంటిని ఒక్కచూపున గ్రహించు నేర్పు కంటికే కలదు.

ఉపాయము పంచాంగముననే యున్నది. పున్నమినాడు సూర్యాస్తమయ చంద్రోదయములు ఇంచుమించుగా ఒక్కవేళనే జరుగును. హైదరాబాదున హుస్సేన్ సాగరపు పడమటి ఒడ్డున, నెక్లెస్ రోడ్డుపై తూర్పుముఖముగా నిలిచి చూడుడు. 1992లో నెలకొల్పిన బుద్ధవిగ్రహమునకు ఆవల, టాంక్‌బండ్ దీపములు వెలుగునప్పటికి చంద్రుడు పైకి వచ్చును. ఆకసమున నీలిమ యింకను మిగిలియున్న ఆ కొలది నిమిషములే నింగియు, దీపములు, జాబిల్లియు సరితూగు వేళ. అప్పుడును జాగు పనికిరాదు. చంద్రుడు రెండు నిమిషములలో తన వెడల్పంత దూరము జరిగిపోవును.

నడిరేయి వెన్నెలకై కాచుకొనువారు ఈ క్షణమును పోగొట్టుకొందురు. సంధ్యను యంత్రమున కిచ్చి, నిండు వెన్నెలను కన్నులకు మిగుల్చుకొనుటయే న్యాయము.