పోత మీద పూత: పాతబస్తీలో మోటారుసైకిలు ఇంజనుకు మళ్లీ రంగు – పని వరుస, పదజాలం

వ్యాససంగ్రహం:
వెలిసిపోయిన మోటారుసైకిలు ఇంజనుకు ఇంటివద్దనే మళ్లీ రంగు వేసుకోవడం హైదరాబాదు పాతబస్తీ వంటి ప్రాంతాల్లో పరిచితమైన పని. ఆ రంగు కొద్ది నెలలకే పొరలుగా రాలిపోవడం కూడా అంతే పరిచితం. రంగు నాణ్యత కన్నా దాని కింది లోహాన్ని సిద్ధం చేసిన తీరే పూత ఆయువును నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పని వరుసను, దాని వెనుకనున్న కారణాలను, అందులోని ప్రమాదాలను వివరిస్తూ, ఈ పనిలో వినిపించే తెలుగు, ఉర్దూ పదాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇంజను, పోత, పూత, అస్తరు, ఉప్పుకాగితం, పాతబస్తీ, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:
పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలపు 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనలో ఉంది. అటువంటి వాహనాన్ని నిపుణులు కాపాడుతారు. ఆ ప్యాలెస్ గోడ దాటితే వీధుల్లో కనిపించే పాత బుల్లెట్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లను కాపాడేది వాటి యజమానులు, గల్లీలోని మెకానిక్కులు మాత్రమే. బుల్లెట్ తయారీ 1955లో మద్రాసులో మొదలైంది. మైసూరులో యెజ్డీ తయారీ, దేశంలో ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ముగిశాయి. అంటే నేటికీ తిరుగుతున్న ఆర్‌ఎక్స్ 100 ఏదైనా పాతికేళ్లు దాటినదే. సరుకు మోయడానికో, దుకాణానికి వెళ్లడానికో దానిమీదే ఆధారపడిన కుటుంబానికి ఇంజను పాడైతే ఆదాయమూ ఆగుతుంది. అందువల్ల ఇంజనుకు రంగు వేయడమన్నది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. సరిగా చేస్తే అది లోహానికి రక్షణ. తప్పుగా చేస్తే నడుస్తున్న ఇంజనును చెడగొట్టే పని.

2. రెండు లోహాలు, రెండు రకాల క్షయం:
ఇంజను బయటి భాగాలు కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసినవి. తెలుగులో దీన్ని ‘పోత’ అంటారు. పాత తరహా బుల్లెట్‌లో సిలిండరు పోత ఇనుముతోను, దాని పైనుండే హెడ్, కిందనుండే క్రాంక్‌కేసు అల్యూమినియం మిశ్రలోహంతోను తయారయ్యేవి. ఒకే ఇంజనులో రెండు లోహాలు ఉన్నప్పుడు అవి చెడే తీరు కూడా రెండు విధాలు. ఇనుము ఎర్రగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు గుల్లగా ఉండి తేమను పీల్చుకుంటుంది కనుక కింది ఇనుమును కూడా తింటూ పోతుంది. అల్యూమినియం మీద గాలి తగలగానే అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, మామూలు పరిస్థితుల్లో లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు, మురుగునీరు, నిలిచిన తేమ తగిలినచోట ఆ కాపుదల తెగి, తెల్లని పొడి, చిన్న గుంటలు కనిపిస్తాయి.

ఈ తేడా తెలియక రెండింటికీ ఒకే పూత వేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఇనుప తలుపులకు వేసే రెడాక్సైడు ఇనుముకోసం ఉద్దేశించినది. నున్నని అల్యూమినియం మీద దానికి పట్టు తక్కువ. రెండు లోహాలకూ పనికివచ్చే, వేడిని ఓర్చుకునే ప్రైమరును ఎంచుకోవాలి. లేదా ఏ లోహానికి తగినది దానికి వేయాలి.

3. ముందుగా ఇంజను లోపలి స్థితి:
“పైన పటారం, లోన లొటారం” అన్న సామెత ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. గ్యాస్కెట్ల వద్ద నూనె కారుతున్న ఇంజనుకు రంగు వేస్తే, ఆ నూనె పూత అంచులోకి చేరి దాన్ని లేపుతుంది. కనుక కారడం ఆపిన తరువాతనే రంగు.

2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా సమీపంలోని అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ వంటి ప్రాంతాలు నీట మునిగాయి. ఇళ్లముందున్న వాహనాలూ మునిగాయి. అలా మునిగిన ఇంజనుల విషయంలో వరుస మరింత ముఖ్యం. ఇంజను నూనె పాలు కలిపినట్లు తెల్లబారి ఉంటే నీరు లోపలికి చేరిందని అర్థం. అటువంటి ఇంజనును స్టార్టు చేయకుండా నూనె తీసివేసి, లోపలి భాగాలు శుభ్రం చేయించాలి. బేరింగులు తుప్పు పడుతుండగా పైన వెండిరంగు వేయడం రోగికి అలంకారం చేయడమే అవుతుంది.

4. జిడ్డు వదిలించడం:
మొత్తం శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే ఖర్చవుతుంది. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము కలిసి రెక్కల మధ్య గట్టిపడిన మడ్డిని చెక్కపుల్లతో, నైలాన్ కుంచెతో తీయాలి. దీనికి కిరోసిన్ వాడడం రివాజు. కిరోసిన్ మడ్డిని కరిగిస్తుంది కాని తానే ఒక పలుచని నూనెపొరను వదిలిపెడుతుంది. అందుకే తరువాత సబ్బునీటితో కడిగి, బాగా ఆరనిచ్చి, చివరగా రంగులు పలుచన చేసే థిన్నరుతో తుడవాలి.

పోత లోహంలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి చేరిన నూనె చల్లగా ఉన్నప్పుడు బయటపడదు. థిన్నరు వాసన పూర్తిగా పోయిన తరువాత భాగాన్ని ఎండలో వేడెక్కనిస్తే నూనె చెమటలా పైకి వస్తుంది. దాన్ని మళ్లీ తుడవాలి. శుభ్రత తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. లోహం మీద మంచినీళ్లు పోసినప్పుడు నీరు బొట్లుగా విడిపోతే జిడ్డు మిగిలి ఉన్నట్లు. తెగకుండా పలుచని పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్లు.

ఈ దశలో రెండు పదార్థాలను దూరంగా ఉంచాలి. మొదటిది పెట్రోలు. దాని ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకుతుంది. వాకిలి, వంటగది పక్కపక్కనే ఉండే ఇరుకు ఇళ్లలో ఆ ఆవిరి పొయ్యి దాకా చేరితే అగ్నిప్రమాదం తప్పదు. రెండవది కాస్టిక్ సోడా. పాత రంగును, జిడ్డును త్వరగా వదిలిస్తుందని దీన్ని వాడుతుంటారు. అది అల్యూమినియాన్నే కరిగిస్తుంది. ఆ చర్యలో మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

5. గీకడం, మూయడం:
పూత నిలవాలంటే లోహానికి కొంత గరుకుదనం కావాలి. ఉప్పుకాగితం మీది అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 180 అంకెతో పాత రంగును తీసి, 320 అంకెతో సమం చేయడం సరిపోతుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కనుక నీటితో తడిపి రుద్దాలి. ఆ ధూళిని పిల్లలు తిరిగే వాకిట్లో ఊడ్చి వదలకూడదు. భారతదేశంలో 2016 నాటి నిబంధనలు సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేశాయి. కాని అవి గృహ, అలంకరణ రంగులకు సంబంధించినవి.

అల్యూమినియాన్ని మామూలు ఇనుప తీగల బ్రష్షుతో రుద్దితే ఇనుప రేణువులు అందులో గుచ్చుకొని, తరువాత పూత కింద తుప్పు మచ్చలవుతాయి. నైలాన్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షు మేలు. విప్పని ఇంజను మీద ఇసుకను గాలితో కొట్టించడం ఇంకా ప్రమాదకరం. నూనె దారుల్లో చేరిన కొద్దిపాటి ఇసుక కూడా బేరింగులను అరగదీస్తుంది. ఆ ధూళిని పీల్చిన పనివారికి సిలికోసిస్ వ్యాధి వస్తుంది.

కార్బురేటరు, సైలెన్సరు బిగించే రంధ్రాలను, గాలి వదిలే గొట్టాన్ని కడగడానికి ముందే బిగుతైన బిరడాలతో మూయాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పాత ప్లగ్గునే ఉంచాలి. గ్యాస్కెట్ కూర్చునే తలాలు, మరలు, భూతీగ బిగించే చోటు, రబ్బరు సీళ్ల మీద రంగు పడరాదు. ఇంజను సంఖ్యను ఎట్టి పరిస్థితిలోనూ గీకరాదు, మందపు రంగుతో పూడ్చరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని సంఖ్యతో అది సరిపోలకపోయినా, చదవడానికి వీలుకాకపోయినా బండి యాజమాన్యమే అనుమానాస్పదమవుతుంది.

6. అస్తరు, రంగు:
మామూలు ఎనామెల్ రంగు కర్బన గొలుసులున్న రెజిన్లతో తయారవుతుంది. ఇంజను వేడికి అది పసుపుబారి, పెళుసై పగులుతుంది. వేడిని ఓర్చుకునే రంగుల్లో సిలికోన్ రెజిన్ ఉంటుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధం రెండు కర్బన పరమాణువుల మధ్య బంధం కన్నా బలమైనది కనుక ఆ రంగు నిలుస్తుంది. సిలిండరు కన్నా సైలెన్సరు గొట్టం చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. ఇంజను రంగును గొట్టానికి వాడితే అది మాడిపోతుంది. డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత పరిమితిని చూసి కొనాలి. ప్రైమరు, పై రంగు ఒకే తయారీదారువి కావడం శ్రేయస్కరం.

రంగు వేస్తే ఇంజను వేడెక్కుతుందా అన్న సందేహం తరచుగా వినిపిస్తుంది. అల్యూమినియంతో పోలిస్తే రంగు వందల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అయినా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం గల పూత కలిగించే అడ్డంకి స్వల్పం. రెక్కల నుంచి గాలిలోకి వేడి వెళ్లడంలో ఉన్న అడ్డంకి దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అసలు నష్టం రెక్కల మధ్య సందులు మందపు రంగుతో, మడ్డితో పూడిపోయినప్పుడు జరుగుతుంది. అందువల్ల ఒకే మందపు పూతకు బదులు, మధ్యలో ఆరనిస్తూ, రెండు మూడు పలుచని పూతలు వేయాలి. డబ్బాను సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టి, మొదట రెక్కల లోపలి సందులకు ఏటవాలుగాను, తరువాత బయటి తలాలకు నేరుగాను కొట్టాలి.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో ద్రావకం ఆవిరవుతూ తలాన్ని చల్లబరిచినప్పుడు గాలిలోని తేమ దానిమీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. మే నెల ఎండలో రంగు తుంపరలు లోహాన్ని చేరకముందే ఆరిపోయి గరుకుగా పడతాయి. హైదరాబాదులో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడిగా ఉండే పగటివేళలు అనువైనవి. ఇరుకు గదిలో కన్నా మేడమీద చేయడం మంచిది. ధూళిని ఆపే మామూలు ముసుగు ద్రావకపు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు వడపోత గల ముసుగు అవసరం. గట్టిపరిచే ద్రవాన్ని కలిపి వాడే రంగుల్లో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసాన్ని కలిగించగలవు కనుక వాటిని ఇంటివద్ద వాడరాదు.

7. వేడితో గట్టిపరచడం:
సిలికోన్ రంగు ఆరినట్లు కనిపించినా పూర్తిగా గట్టిపడటానికి వేడి కావాలి. వంటకు వాడే ఓవెనులో ఇంజను భాగాలను పెట్టరాదు. ఆ ఆవిరులు ఆహారానికి అంటుతాయి. ఇంజను బిగించిన తరువాత దాని వేడినే వాడుకోవచ్చు. ఆరుబయట కొద్ది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం ఎక్కువసేపు నడపాలి. ఎన్నిసార్లు, ఎంతసేపన్నది డబ్బా మీది సూచనను బట్టి ఉంటుంది. ఆ లోపల పెట్రోలు గాని, నూనె గాని ఒలికితే పూత మెత్తబడుతుంది.

8. పదజాల పరిశీలన:
ఈ పనిలోని మాటలు పని వరుసను తమలోనే దాచుకున్నాయి. ‘పోయు’ నుంచి పోత, ‘పూయు’ నుంచి పూత వచ్చాయి. మొదటిది వస్తువును, రెండవది దాని పై పొరను చెబుతుంది. తెలుగువారి ఉప్పుకాగితాన్ని ఉర్దూ మాట్లాడేవారు రేగ్‌మాల్ అంటారు. పారసీకంలో ‘రేగ్’ అంటే ఇసుక, ‘మాల్’ అంటే రుద్దేది. తెలుగు మాట ఆ కాగితం చూపుకు ఎలా ఉంటుందో చెబితే, ఉర్దూ మాట అది చేసే పనిని చెబుతుంది. ‘అస్తరు’ అంటే దుస్తుల లోపలి గుడ్డ. బయటికి కనిపించకుండా పైదాన్ని నిలబెట్టేది. ప్రైమరుకు ఇంతకన్నా తగిన మాట దొరకదు.

పాత్రలకు వేసే ‘కళాయి’ కూడా ఇక్కడ గమనించదగినది. తగరం అన్న అర్థం గల అరబ్బీ పదం నుంచి వచ్చిన ఈ మాట వెనుక కూడా ఇదే సూత్రం ఉంది. నవాసాగరంతో రాగిని శుభ్రపరచనిదే తగరం అంటదు. పాతబస్తీలో నేటికీ సాగుతున్న బిద్రీ పనిలో మాత్రం నలుపు పూతగా ఉండదు. బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపిన ద్రావణంతో జరిగే రసాయన చర్యవల్ల జింకు మిశ్రమమే నల్లబడుతుంది. అందువల్ల అది రంగులా పొరలుగా ఊడదు.

1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉర్దూలో శాస్త్రపరిభాషను రూపొందించింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వెలువడింది. మొదటిది పండితులు కల్పించిన పదజాలం, రెండవది పనివారి నోట విని సేకరించినది. మోటారు మరమ్మతు పదాలకు రెండవ మార్గమే తగినది. తెలుగు, ఉర్దూ, ఆంగ్ల పదాలు ఒకే వాక్యంలో కలిసే చోట ఏ మాట ఏ దశలో వాడుతున్నారో నమోదు చేయాలి. అల్యూమినియం మీది తెల్లని క్షయానికి ‘తుప్పు’, ‘చిలుము’ అన్న మాటలు సరిపోవడం లేదు. అటువంటి ఖాళీలను పనివారు ఎలా పూరిస్తున్నారన్నది పరిశోధించదగిన అంశం.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:
1. నూనె కారడం ఆపడం, జిడ్డు వదిలించడం, గరుకు చేయడం అన్న మూడు పనులు పూర్తికానిదే ఎంత ఖరీదైన రంగైనా నిలవదు.
2. ఇనుము, అల్యూమినియం వేర్వేరుగా చెడతాయి కనుక వాటికి వేసే అస్తరును లోహాన్ని బట్టి ఎంచుకోవాలి.
3. పలుచని పూతవల్ల ఇంజను చల్లబడటానికి పెద్దగా అడ్డంకి ఉండదు. పూడిపోయిన రెక్కలే అడ్డంకి.
4. పెట్రోలు, కాస్టిక్ సోడా, గాలితో కొట్టే ఇసుక, ఐసోసయనేటు రంగులు ఇంటి పనికి తగవు.
5. అస్తరు, ఉప్పుకాగితం, రేగ్‌మాల్ వంటి మాటలను పని వరుసతో సహా సేకరిస్తే పదకోశం పని నేర్చుకునేవారికి కూడా పనికివస్తుంది.