జెల్డా యాటల తారతమ్యము



నేటి నా ప్రసంగవిషయము మీలో పలువురకు నవ్వు పుట్టించునేమో. పిల్లలు తెరయెదుట కూర్చుండి, మీటలుగల చిన్న పరికరమును రెండుచేతులం బట్టుకొని యాడు వీడియో ఆటలను మీరెఱుగుదురు. ఆ యాటలను గూర్చి వారు తమలో తాము చేయు వాదమును నేడు మీకు వివరింపదలచితిని. ఒకే వరుసలో వెలువడిన యాటలలో నేది యుత్తమము, ఏది మధ్యమము అని వారు గంటలకొలది తర్కింతురు. అది వట్టి వాచాలత యని పెద్దల యభిప్రాయము. ముప్పదియైదేండ్లు బడిలో పద్యములకు తాత్పర్యము చెప్పి విశ్రాంతి గొన్న నాకు మాత్ర మది కావ్యవిమర్శకు తోబుట్టువుగా తోచినది.

ఉదాహరణమునకు ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’ యను వరుసను గైకొందము. దీనిని నిర్మించినది జపానుదేశమున క్యోటోనగరమందలి నింటెండో సంస్థ. ఈ సంస్థ 1889లో పేకముక్కలు చేయుటతో నారంభమైనది. జెల్డా వరుసలో మొదటి యాట 1986 ఫిబ్రవరి 21వ తేదీన వెలువడెను. దానిని కల్పించినవారిలో ముఖ్యులు షిగెరు మియామొటో, తకాషి తెజుకా. మియామొటో చిన్నతనమున క్యోటోకు చేరువనున్న సొనొబె ప్రాంతమందలి కొండలలో తిరిగి, ఒక గుహను కనుగొని, దీపము పట్టుకొని లోనికి పోయినవాడట. ఆ భయమును, ఆ యాశ్చర్యమును ఆటాడువానికిని కలిగింపవలెనని యాతని సంకల్పము.

కథ క్లిష్టమైనది కాదు. హైరూల్ అనునది రాజ్యము. జెల్డా రాజకుమారి. గానన్ దుష్టుడు. బలము, జ్ఞానము, ధైర్యము అను మూడింటికి గుర్తులైన మూడు స్వర్ణత్రికోణములకై కలహము. లింక్ అను బాలవీరుడు గుహలు సొచ్చి, చిక్కులు విప్పి, ఆయుధములు సంపాదించి రాజ్యమును కాపాడును. పేరు జెల్డాది గాని యాడువాడు నడపునది లింకును. ఆ వీరునే జెల్డా యని పిలిచితిరేని మీ మనుమలు పకాలున నవ్వుదురు, జాగ్రత్త! మఱియొక విశేషము: అన్ని యాటలలోని లింకు ఒక్కడే కాడు. పేరదే, యుగము వేఱు. అవతారముల వంటి దనుకొనుడు.

నాటకమునకును దీనికిని గల భేద మిచట చెప్పవలెను. నాటకము మనము చూచినను చూడకున్నను సాగిపోవును. ఇందు ఆడువాడు చేయి కదపనిచో వీరుడును కదలడు. కావుననే పిల్లలు ‘లింకు ఆ యేఱు దాటెను’ అనరు, ‘నేను దాటితిని’ అందురు. వారి వాదములోని వేడికి మూల మీ ‘నేను’ అనుమాటయే.

వివాదములలో మొదటిది 1998వ సంవత్సరపు ‘ఒకరీనా ఆఫ్ టైమ్’ను గూర్చినది. అంతకుముందటి జెల్డా యాటలలో తెర బల్లమీద పఱచిన పటమువలె నుండెడిది. ఇందు మొదటిసారిగా లోతు వచ్చెను. కొండ దూరముగ కనబడును, నడచిపోయినచో దగ్గఱకు వచ్చును. శత్రువుపై దృష్టి నిలిపి వానిచుట్టు తిరుగుచు పోరాడు నుపాయమును దీనితోనే వచ్చి, పిమ్మట నితరుల యాటలకును మార్గదర్శక మాయెను. ఒకరీనా యనునది పిల్లనగ్రోవి జాతి వాద్యము. దానిపై తగిన రాగము పలికించిన వాన కురియును, పగలు రాత్రి యగును. సంగీతము కోజీ కోండోది. బాలుడు ఏడేండ్లు నిద్రించి యువకుడై మేల్కొనునప్పటికి రాజ్యము పాడువడియుండును. దీనినే సర్వోత్తమ మనువారు నేటికిని పెక్కండ్రు. అయితే వారిలో ననేకులు 1998 నాటికి పదేండ్ల ప్రాయమువారని నా యనుమానము. మొదట నేలిన గురువే గురువను భక్తి యిందు కొంత కలదు.

వీరి కెదురుపక్షము 2000వ సంవత్సరపు ‘మజోరాస్ మాస్క్’ది. నా మనుమ డీ పక్షము వాడగుటచే మూడు సాయంకాలములు వాని ప్రక్కను కూర్చుండి చూచితిని. మునుపటి యాటకు చేసిన బొమ్మలనే పెక్కింటిని మరల వాడి, అల్పకాలమున దీనిని ముగించిరి. పెద్ద గుడులు నాలుగే. కాని కల్పన యెంత చిత్రమైనది! చంద్రుడు మూడు దినములలో నూరిపై పడనున్నాడు. వీరుడు కాలమును వెనుకకు త్రిప్పి యా మూడు దినములనే మరల మరల గడుపవలెను. ఊరిలో ప్రతివాడును నిర్ణీతమైన గడియలలో నిర్ణీతమైన పని చేయుచుండును.

అందు ఆంజు అను కన్య సత్రమునందు పెండ్లికుమారునికై వేచియుండును. కఫే అను నా వరుడు శాపముచే చిన్నపిల్లవాడుగా మాఱి, దొంగ యెత్తుకొనిపోయిన పెండ్లి ముసుగుబొమ్మ దొరకువఱకు ఆమెకు కనబడనని దాగియుండును. వీరుడు లేఖ నందజేసి, గుర్తు తెచ్చి, దొంగను వెంబడించి, ఏ గడియయు తప్పక నడచినచో, చంద్రుడు పడనున్న చివరి జామున వారిరువురును కలియుదురు. పాఱిపోవుటకు వీలున్నను పోక, కలిసి తెల్లవాఱుటకై యెదురుచూతుమందురు. అంత వీరుడు కాలమును మరల త్రిప్పవలసియుండును. వారి కలయికయు చెఱగిపోవును. ఎఱిగినవాడు ఆడువా డొక్కడే.

చేసిన యుపకారము నిలువని యాట యేమి యాట యని నా పెద్దకూతురి కుమారుడు ఆక్షేపించెను. నిలువకపోయినను చేయుటయే యందలి రసమని రెండవవాడు బదులు చెప్పెను. ఆ మాట విన్ననాడు వానికి పదునాలుగేండ్లు. ఏ యలంకారగ్రంథమును చదువక యింతవఱకు వచ్చినవానిని ‘చదువు మాని కబుర్లా’ యని యెట్లు మందలింతును?

రూపమును గూర్చిన వివాద మింకొకటి. 2000వ సంవత్సరమున జపానులో జరిగిన ప్రదర్శనమున నింటెండోవారు లింకును నిజమైన మనుష్యునివలె చూపిరి. మఱుసటి యేడు చూపిన క్రొత్త యాటలో నతడు పెద్దకన్నులుగల చిత్రపు బొమ్మయై యుండెను. అభిమానులు మండిపడిరి. ఆ యాటయే 2002లో జపానున వెలువడిన ‘విండ్ వేకర్’. పాత రాజ్యము సముద్రమున మునిగియుండ, వీరుడు పడవపై దీవులు తిరుగును. ఓడప్రయాణము దీర్ఘమనియు, చివర త్రికోణపు ముక్కల వెదకులాట విసుగనియు వచ్చిన యాక్షేపణ న్యాయమైనది. 2013లో మెఱుగుపఱచి మరల ప్రకటించినపుడు పడవ వేగము పెంచిరి, వెదకులాట తగ్గించిరి. రూపమును మాత్రము వదలలేదు. నేడు దానిని మెచ్చనివారు తక్కువ.

ఇక జనులు కోరిన గంభీరరూపముతో 2006లో ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ వచ్చెను. 2004లో లాస్ ఏంజెలీసున దానిని మొదట చూపినపుడు సభికులు కేకలువేసి సంతోషించిరి. తీఱ వచ్చినపిదప ఇది ‘ఒకరీనా’కు మఱియొక ప్రతివలె నున్నదని పెదవి విఱిచినవారును కలరు. అడిగినదే యిచ్చిన కవికి నడుగనిది యిచ్చిన కవికంటె నెక్కువ కీర్తి రాదేమో.

కాలక్రమమును గూర్చిన తగవు మన పౌరాణికులకు ప్రీతికరము. ఏ యాట ముందు, ఏది వెనుక? 2011లో సంస్థవారే యొక గ్రంథమున వంశవృక్షము వంటి పట్టిక ప్రకటించిరి. ‘ఒకరీనా’ కథ పిమ్మట కాలము మూడు పాయలుగా చీలెనని తేల్చిరి. తగవు ముగియవలసినదే గదా? ముగియలేదు. ఆ మూడు పాయలలో నేది సహజము, ఏది యతుకు అని క్రొత్త శాఖ మొదలాయెను.

నేటి పెద్ద వాదము 2017 మార్చిలో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ను గూర్చినది. పూర్వపు యాటలలో నొక గుడి జయించి, అందలి సాధనము గైకొని, దానితో మఱియొక తలుపు తెఱచుట క్రమము. ఇందా క్రమము తీసివేసిరి. కనబడిన కొండ నెల్ల నెక్కవచ్చును. కావలెనన్న ఆరంభపు ప్రదేశము దాటినతోడనే తుదిశత్రువుమీదికే పోవచ్చును. పెద్ద గుడులకు మాఱుగ చిన్న మందిరములు 120 కలవు. కత్తులు కొంతసేపు వాడగనే విఱిగిపోవును. కత్తి విఱుగుట దుర్భర మని యొకరు, విఱిగినందుననే బుద్ధి యుపయోగింపవలసివచ్చె నని మఱొకరు. 2023లో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ ఈ స్వేచ్ఛను మఱింత పెంచెను. కఱ్ఱలు, చక్రములు అతికించి బండ్లును, ఎగురు యంత్రములును కట్టుకొనవచ్చును.

నేను పాతపక్షము వైపు కొంత మొగ్గుదును. వర్ణనలు స్వేచ్ఛగా పెరిగి కథాసంధులు సడలిన ప్రబంధములను చదివి విసిగినవాడ నగుటచే కాబోలు. కాని వానలో తడిసిన కొండ నెక్కలేక జాఱి, ఆగి, వాన వెలసిన పిదప శిఖరము చేరి యెదుట నున్న దేశమంతయు చూచిన మా మనుమని ముఖము జ్ఞప్తికి వచ్చినపుడు, గట్టిగా వాదింప నోరు రాదు.

ఒకటి మాత్రము వాదులకు చెప్పియుంటిని. మేలు అనునపుడు దేనియందు మేలో ముందు తెలుపుడు: కథయందా, చిక్కుల కూర్పునందా, సంగీతమునందా, తిరుగు స్వేచ్ఛయందా? ఇది తెలుపకయే యిరువురు పోరాడినచో నొకడు రుచిని, ఒకడు రంగును తూచుచున్నట్లే. తెలిపినపిదప వారి వాదము తగ్గలేదు గాని, వినుటకు చాల బాగుపడెను.

2024 సెప్టెంబరులో ‘ఎకోస్ ఆఫ్ విజ్‌డమ్’ అను యాట వెలువడెను. దర్శకులలో టొమోమి సానో అను స్త్రీ కలదు. ఇందు లింకు మాయమగును. ముప్పదియెనిమిదేండ్లుగా పేరునకు మాత్రమే యజమానురాలైన జెల్డాయే కదలి రాజ్యమును కాపాడును. కత్తికి మాఱు, చూచిన వస్తువుల ప్రతిరూపములను సృజించుట యామె విద్య. ఇది ప్రధానశ్రేణిలో నెన్నవ స్థానమునకు తగునో తేల్చుటకు మా యింట మనుమరాలు కూడ సభలో చేరినది.