పాత బండికి కొత్త పాదాలు

సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ చేతికి రాగానే లావుపాటి టైర్లు, ఇనుప గార్డుల మీద మోజు మొదలవుతుంది. వాటిలో పనికొచ్చేవి కొన్నే.

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. దాంతో అక్కడ కాలం చెల్లిన స్కార్పియోలు, ఫార్చ్యూనర్లు ఎన్‌ఓసీ పట్టుకుని ఇతర రాష్ట్రాల దారి పట్టాయి. 2025లో సుప్రీంకోర్టు ఈ కట్టడిని కొంత సడలించినా ఢిల్లీ బండి చవక అన్న పేరు మాత్రం పోలేదు. కొత్త ఎస్‌యూవీ ధర అందని మధ్యతరగతి యువకుడికి ఇది మంచి బేరమే. మిగిలిన డబ్బుతో బండికి అడవి రూపం తేవాలన్న తహతహే చిక్కులు తెస్తుంది.

ముందు చూడాల్సింది బండికి ఉన్న టైర్లను. అమ్మేవాడు వాటికి నల్లగా పాలిష్ కొట్టి ఉంచుతాడు. టైరు పక్క భాగంలో నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనట్టు. గాడులు ఎంత లోతున్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. ఐదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లకు ఎలాగూ తీసేయమని పలు కంపెనీలే చెబుతాయి. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానల్లో అంతవరకూ ఆగడం సాహసమే. ఇక అరుగుదలను బట్టి బండి జాతకం చెప్పొచ్చు. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటో, సస్పెన్షన్ బుష్షులో పోయినట్టు. అది సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

కొత్తవి కొనబోతే దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు. హెచ్‌టీ తారు రోడ్డుకు, ఎంటీ బురదకు, ఏటీ రెంటికీ నడుమ. చూపులకు ఎంటీదే దర్జా. పెద్ద పెద్ద దిమ్మెలు, మధ్యలో వెడల్పాటి గాడులు. కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి వానకు తడిస్తే ఏటీ టైరు గాడులు మట్టితో పూడిపోయి నున్నటి బంతిలా తిరుగుతుంది. ఎంటీ ఆ మట్టిని విదిల్చేసుకుంటుంది. కానీ అదే ఎంటీతో తడిసిన మారేడుమిల్లి ఘాట్ దిగాల్సి వస్తే సంగతి వేరు. రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ కాబట్టి బ్రేకు వేశాక బండి మరికొంత దూరం పోయి ఆగుతుంది. మోత ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. వారమంతా ఆఫీసుకు, ఏడాదికి రెండుసార్లు అడవికి వెళ్లే మనిషికి ఏటీ చాలు. తారు దిగని బండికి హెచ్‌టీయే మేలు, దుకాణదారు మొహం చిట్లించినా సరే.

సైజు దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. 2010లో వచ్చిన మహీంద్రా థార్ సీఆర్‌డీఈకి కంపెనీ ఇచ్చిన టైరు 235/70 ఆర్16. దాని ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 245/75 ఆర్16 వేస్తే ఎత్తు 774కు చేరుతుంది. నేలకూ బండికీ మధ్య ఖాళీ పెరిగేది అందులో సగమే, అంటే రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అందుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. స్పీడోమీటర్ వంద చూపేటప్పుడు బండి నిజంగా 105 మీద ఉంటుంది. ఇంజిన్‌కు బరువు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. ఎత్తులో తేడా మూడు శాతం దాటకూడదన్నది ఈ రంగంలో పాత లెక్క. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికైతే నాలుగు టైర్లూ ఒకే కొలతలో, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు ఆ తేడాను మోస్తూ పాడవుతుంది.

చట్టం మాటకొస్తే, తయారీదారు నమోదు చేయించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అక్రమ మార్పు ఒక్కొక్కదానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. అవి ఎదుటి పాదచారిని నుజ్జు చేస్తాయి, ఎయిర్‌బ్యాగ్ సకాలంలో తెరుచుకోకుండా అడ్డుపడగలవు. అయినా రాజకీయ నాయకుల కాన్వాయ్‌లలో అవే మెరుస్తుంటాయి, అది వేరే కథ. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ మొదట చూసేదీ ఇలాంటి మార్పులనే.

బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ గురించి కూడా ఇదే మాట. గురుత్వ కేంద్రం పైకి పోతుంది, మలుపులో పల్టీ కొట్టే ముప్పు పెరుగుతుంది. స్నార్కెల్ ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా ఆపుతుందే తప్ప బండిని వాగులో నిలబెట్టలేదు. రెండడుగుల లోతున పరుగెత్తే నీరు చాలు, భారీ ఎస్‌యూవీని కూడా పక్కకు తోసేస్తుంది. ఏటా వానాకాలంలో లోలెవల్ వంతెనల మీద కొట్టుకుపోయే కార్లలో ధైర్యం చేసినవాళ్లే ఎక్కువ.

మరి డబ్బు దేనిమీద పెట్టాలి? ముందు షాక్ అబ్జార్బర్లు, బుష్షులు, బ్రేకులు. తర్వాత చిన్న గాలి పంపు, పీడనం చూసే గేజి. బురదలోకి దిగేముందు 30 దాకా ఉన్న గాలిని 18-20 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. ఇంత చవకైన అప్‌గ్రేడ్ మరొకటి లేదు. తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి, లేకుంటే టైరు పక్కలు వేడెక్కి పగలొచ్చు. ఛాసిస్‌కు గట్టిగా అమర్చిన కొక్కెం, సాగే రికవరీ తాడు ఉంటే ఇరుక్కున్నప్పుడు ట్రాక్టరు లాగేవాడికి పని తేలిక. బంపరుకు తాడు కడితే బంపరే ఊడొస్తుంది.

టైర్లు నాలుగు కాదు, ఐదు కొనాలి. స్టెప్నీ పాత సైజులోనే ఉండిపోతే అడవిలో పంక్చర్ అయిన రోజున అది తిరుగు ప్రయాణానికి అక్కరకు రాదు.