ఎర్రగా రావాల్సిన బియ్యం పచ్చగా వచ్చింది

"దంపుడు బియ్యం తింటే విటమిన్ ఎ వస్తుందా సార్?" అని తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు. రాదు. తవుడుతో పాటు పోయేవి బి విటమిన్లు, పీచు, కొంత ఇనుము. ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ బియ్యంలో పాలిష్ పట్టకముందు కూడా లేనట్టే లెక్క. అదే వరి ఆకుల్లో మాత్రం కావలసినంత ఉంది! విద్య వచ్చిన మొక్కే, గింజ దగ్గర ఆ పని పెట్టుకోలేదు.

స్విట్జర్లాండ్‌లో ఇంగో పొట్రికస్, జర్మనీలో పీటర్ బేయర్ అనే శాస్త్రజ్ఞులు, గింజలోనే బీటా కెరోటిన్ పుట్టించడానికి పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. బియ్యపు గింజలో ముడిసరుకు సిద్ధంగా ఉంది: జి.జి.పి.పి. అనే 20 కార్బన్ల అణువు. రెండు అణువులు కలిస్తే 40 కార్బన్ల ఫైటోయీన్. దీనికి రంగుండదు. గొలుసులోంచి హైడ్రోజన్లను లాగేస్తూ పోతే ద్విబంధాలు ఒకటి విడిచి ఒకటిగా వరస కడతాయి. వరస పొడవయ్యే కొద్దీ అణువు వెలుగులోని నీలాన్ని మింగుతుంది. అలా 11 ద్విబంధాలు కుదిరాయా, టమాటాకు రంగిచ్చే ఎర్రటి లైకోపీన్ తయారైనట్టే. దాని రెండు కొసలూ ఉంగరాల్లా ముడుచుకుంటే బీటా కెరోటిన్. దాన్ని మన పేగులు నడిమికి కోసి విటమిన్ ఎ చేసుకుంటాయి.

ఫైటోయీన్‌ను లైకోపీన్ చేయడానికి మొక్కలు నాలుగు ఎంజైములు వాడతాయి. నాలుగు జన్యువులు ఎక్కించడమంటే మాటలా? ఎర్వీనియా అనే బ్యాక్టీరియాలో ఒక్క ఎంజైమే ఆ నాలుగు పనులూ చేసేస్తుంది. ఆ జన్యువునే తెచ్చుకున్నారు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ అడ్డదారే. ఫైటోయీన్ తయారుచేసే జన్యువు చలిదేశాల్లో పూసే డాఫొడిల్ పువ్వుది.

కొన్ని మొక్కలకు కొసలు ముడిచే మూడో జన్యువు ఇవ్వలేదు. వాటి బియ్యం లైకోపీన్ దగ్గరే ఆగి ఎర్రగా రావాలి. తీరా పొట్టు ఒలిచి పాలిష్ పడితే, పసుపు పచ్చన! కొసలు ముడిచే ఎంజైము వరి గింజలో ముందే పనిచేస్తోందన్నమాట.

2000లో ఫలితం ప్రకటించినప్పుడు గ్రాము బియ్యంలో కెరోటిన్లు 1.6 మైక్రోగ్రాములే. అడ్డంకి డాఫొడిల్ జన్యువు దగ్గరుందని తేల్చిన సింజెంటా కంపెనీ శాస్త్రజ్ఞులు 2005లో దాని బదులు మొక్కజొన్న జన్యువు పెట్టారు. 37 మైక్రోగ్రాముల దాకా పెరిగింది.

తర్వాతిదంతా పొలాల్లో, కోర్టుల్లో నడిచింది. 2013లో ఫిలిప్పీన్స్‌లో ప్రయోగపు పంటను పీకేశారు. 2021లో అక్కడే సాగుకు అనుమతి వచ్చింది. 2024లో కోర్టు ఆపేసింది.

మన దేశంలో ఈ గుణాన్ని గోదావరి గడ్డ మీద, మారుటేరులో పుట్టిన స్వర్ణ వరిలోకి తెచ్చి చూశారు. గింజ పచ్చబడింది గానీ మొక్క గిడసబారి, ఆకులు పాలిపోయి, దిగుబడి పడిపోయింది. కారణం కెరోటిన్ కాదు. కొత్త జన్యువులు వెళ్లి మొక్క ఎదుగుదలకు కావలసిన సొంత జన్యువు మధ్యలో కూర్చున్నాయి. ఇది 2017లో బయటపడింది. ఫిలిప్పీన్స్‌లో అనుమతి పొందిన రకంలో అవి వేరే చోట పడ్డాయి కాబట్టి ఆ పేచీ లేదు.

ఈ బియ్యం మన అంగళ్లలో దొరకదు. అందాకా మునగాకు, తోటకూర ఉన్నాయి. వండేటప్పుడు కాస్త నూనె వేయండి. కొవ్వు తోడు లేకపోతే కెరోటిన్ సరిగా ఒంటబట్టదు.