రెండు అడ్వాన్సుల నడుమ...

లిబర్టీ నుంచి నారాయణగూడ వైపు నడుస్తూ హిమాయత్‌నగర్ పక్కవీధుల్లోకి తిరగండి. గేట్లకు వేలాడే అట్టముక్కలు పలకరిస్తాయి. 'టులెట్. డబుల్ బెడ్‌రూమ్. మంజీరా వాటర్. ఫ్యామిలీస్ ఓన్లీ'. మెట్లెక్కి చూస్తారు. గాలీ వెలుతురూ ఫర్వాలేదు. పిల్లల బడి దగ్గర. ఇంటావిడకీ నచ్చింది. సరిగ్గా అప్పుడే ఓనరుగారు గొంతు సవరించుకుంటారు.

'రెండు నెలల అడ్వాన్సు బాబూ. ఈ నెల అద్దె కూడా ముందే ఇచ్చేయాలి.'

అసలు కథ అక్కడ మొదలవుతుంది!

ఆబిడ్స్, కోఠి, నాంపల్లిలో పనిచేసేవారికి హిమాయత్‌నగర్ కూతవేటు దూరం. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ - ఎంజీబీఎస్ మెట్రో మొదలయ్యాక నారాయణగూడ స్టేషనూ అందుబాటులోకొచ్చింది. అందుకే ఓనర్లకు తొందర ఉండదు. తొందరంతా మనదే. ఆ తొందరలోనే ఎక్కడ దొరికితే అక్కడ అప్పు చేసేస్తాం.

చెయ్యి దాటేది ఎంత?

కొత్త ఇంటి అద్దె 18 వేలనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 36 వేలు. మొదటి నెల అద్దె 18 వేలు. బ్రోకరుకు సగం నెల అద్దె అనుకుంటే 9 వేలు. డీసీఎం వ్యానుకీ హమాలీలకూ కలిపి 7 వేలు. మొత్తం 70 వేలు! దీన్ని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,100. ఏడాది తిరిగేసరికి 25,200 వడ్డీకే పోతుంది. అసలు అసలుగానే ఉంటుంది.

ఇందులో మరో తిరకాసు ఉంది. అడ్వాన్సు ఖర్చు కాదు, మన డబ్బే. కానీ ఖాళీ చేసేదాకా వడ్డీ లేకుండా ఓనరు దగ్గర ఉంటుంది. ఆ 36 వేలకు మనం మాత్రం నెలకు 1,080 వడ్డీ కడుతూనే ఉంటాం. అంటే అద్దె 18 వేలు కాదు... 19,080!

అడిగితే పోయేదేముంది?

పాత ఇంటి అడ్వాన్సు ఖాళీ చేశాకే చేతికొస్తుంది. కొత్త ఇంటిది దిగకముందే కట్టాలి. చాలామందికి ఇబ్బందంతా ఈ రెంటి మధ్య నెల, రెండు నెలలదే. దానికోసం ఏళ్లతరబడి సాగే అప్పు తలకెత్తుకోవడం ఎందుకు? రెండు మాటలు అడిగి చూడండి.

పాత ఓనరును: 'చివరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోండి.' ఆ అద్దె 15 వేలైతే, జీతంలోంచి అంతమేర కొత్త ఇంటికి మిగులుతుంది.

కొత్త ఓనరును: 'సగం అడ్వాన్సు ఇప్పుడు, సగం వచ్చే నెల.' మరో 18 వేలకు గడువు దొరుకుతుంది.

ఇద్దరూ ఒప్పుకుంటే ఇవాళ తేవలసింది 37 వేలే. వాయిదా వేసిన సగాన్ని, పాత ఓనరు రంగుల ఖర్చు కోసుకుని ఇచ్చే మిగులుతోనూ వచ్చే జీతంతోనూ సర్దుకోవచ్చు. ఇల్లు వెతికే వేళ కూడా ముఖ్యమే. జూన్‌లో బళ్లు తెరిచే ముందు గిరాకీ ఎక్కువ. ఆషాఢంలో చాలామంది ఇల్లు మారరు. పట్టింపు లేనివారు అప్పుడు బేరమాడితే ఓనరు మెత్తబడే అవకాశం ఉంది.

అప్పు తప్పదంటే...

ముందు ఆఫీసులో జీతం అడ్వాన్సు అడగండి. వడ్డీ లేకుండా ఇస్తే అంతకన్నా మేలు లేదు. తర్వాత బ్యాంకులో బంగారం. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా 37 వేలకు నెలకు 370 రూపాయలే. అదే మూడు రూపాయల వడ్డీకైతే 1,110.

చీటీ ఉంటే పాడుకోవచ్చు గానీ, అవసరం కొద్దీ ఎక్కువకు పాడొద్దు. లక్ష చీటీని పాతిక వేలు వదులుకుని పాడితే చేతికొచ్చేది 75 వేలే. రిజిస్టరైన కంపెనీలు తీసుకునే కమీషన్ పరిమితిని కూడా 2019 చట్ట సవరణ 5 నుంచి 7 శాతానికి పెంచింది.

ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లతో మాత్రం పదిసార్లు ఆలోచించండి. 2020 చివర్లో వాటి వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. అప్పిచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఖాతా నుంచే సొమ్ము మీ ఖాతాలో పడాలి. మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతమో ముందే కాగితం మీద చూపాలి. ఫోన్‌లోని పేర్లూ నంబర్లూ తీసుకోకూడదు. వాటిని అడిగిందంటే ఆ యాప్ మనకొద్దు.

చట్టం అండ ఎంత?

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అనొచ్చు. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లకు అది వర్తించదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి అడ్వాన్సు రెండు నెలలు మించరాదంది. ఇల్లు అప్పగించేటప్పుడే మిగులు తిరిగివ్వాలనీ చెప్పింది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి మన అండ మన అగ్రిమెంటే. అడ్వాన్సు ఎంత, రంగులకు ఎంత కోస్తారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు... మూడూ రాయించుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు అందరి మొహాల్లోనూ సంతోషమే. నెల తిరిగి పాత అడ్వాన్సు చేతికొచ్చిన రోజున గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ డబ్బుతో కొత్త కర్టెన్లు, సోఫా కొనాలనిపిస్తుంది. ముందు అప్పు తీర్చేయండి. సోఫా వచ్చే ఏడాదైనా వస్తుంది!