పద్దెనిమిదేళ్ల కుర్రాడిలో పాతికేళ్ల ఆటగాణ్ణి చూడటం ఎలా?

2000 జూన్‌లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఉత్తర అమెరికాలోని మేటి ఐస్ హాకీ లీగ్ జట్లన్నీ కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడానికి సమావేశమయ్యాయి. మొదటి వంతు న్యూయార్క్ ఐలాండర్స్‌ది. వాళ్లు రిక్ డిపియట్రో అనే గోల్‌కీపర్‌ను తీసుకున్నారు. 205వ వంతు న్యూయార్క్‌కే చెందిన రేంజర్స్‌ది. వాళ్లు స్వీడన్ గోల్‌కీపర్ హెన్రిక్ లుండ్‌క్విస్ట్ పేరు చెప్పారు. డిపియట్రోను గాయాలు వెంటాడాయి. నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, అతను 318 ఆటల దగ్గర ఆగిపోయాడు. లుండ్‌క్విస్ట్ 887 ఆటలు ఆడి, 459 విజయాలు సాధించి, 2023లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్నాడు.

ఆ రోజు బల్లల చుట్టూ కూర్చున్నవాళ్లు ఏళ్ల తరబడి కుర్రాళ్ల ఆట చూసినవాళ్లే. గాయాలను ఎవరూ ముందుగా చూడలేరు. కానీ లుండ్‌క్విస్ట్ అంత కిందికి ఎందుకు జారాడన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆటలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ప్రతిభను ఎక్కడ తక్కువగా తూస్తారు, ఎక్కడ ఎక్కువగా తూస్తారు? గణాంక శాస్త్రజ్ఞులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న మీద నలభై ఏళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్ల పని అంతా ఒకచోటికి చేరుతుంది: మన కళ్ల ముందున్న ఆటలో కుర్రాడి సొంతం ఎంత, అతని చుట్టూ ఉన్న పరిస్థితులు ఇచ్చింది ఎంత అన్నది వేరుచేయడం.

వంతుల పద్ధతి

మనం మైదానంలో ఆడే హాకీ వేరు, స్కేట్లు కట్టుకుని మంచు మీద ‘పక్’ అనే రబ్బరు బిళ్లను తరుముతూ ఆడే ఐస్ హాకీ వేరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 జట్లున్నాయి. ఐపీఎల్ వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లకు ఆటగాడు దక్కుతాడు. ‘డ్రాఫ్ట్’ అనే ఈ ఎంపికలో అలా కాదు. జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని కోరుకుంటాయి, ఇలా ఏడు రౌండ్లు సాగుతాయి. కిందటి ఏడాది బాగా ఓడిన జట్లకు ముందు వంతులు వస్తాయి. కావాలని ఓడిపోకుండా 1995 నుంచి పై వంతులకు లాటరీ కూడా పెట్టారు. 1963లో మాంట్రియాల్‌లో మొదటి డ్రాఫ్ట్ జరిగినప్పుడు ఎంపికైనవాళ్లు 21 మంది. ఇప్పుడు ఏటా రెండు వందల మందికి పైనే.

2005 నుంచి ప్రతి జట్టు జీతాల మొత్తానికి పరిమితి ఉంది. కొత్త ఆటగాడి మొదటి ఒప్పందానికీ పరిమితి ఉంది. అందుకే డ్రాఫ్ట్‌లో దొరికిన మంచి కుర్రాడు జట్టుకు తక్కువ ఖర్చులో ఎంతో ఇస్తాడు. చిక్కేమిటంటే, ఎంచుకునేనాటికి వాళ్లలో ఎక్కువమందికి పద్దెనిమిదేళ్లే. ఆటలో పూర్తిగా పండేది పాతికేళ్ల ప్రాంతంలో. జట్టు కొనుక్కునేది ఈనాటి ఆట కాదు, ఇంకా ఆడని ఆట.

జనవరి పిల్లలు, డిసెంబరు పిల్లలు

కెనడాలో పిల్లల హాకీకి వయసు గీత జనవరి 1. ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే బృందంలో ఆడతారు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో, నిలకడలో చాలా తేడా. పెద్దగా కనిపించినవాణ్ణి మేటి జట్టుకు తీసుకుంటారు. అక్కడ మంచి కోచ్, ఎక్కువ ఆటలు, మంచు మీద ఎక్కువ సమయం దొరుకుతాయి. కొన్నేళ్లకు అతను నిజంగానే మెరుగైన ఆటగాడు అవుతాడు. మొదట పుట్టినతేదీ ఇచ్చిన తేడాను ఆ తర్వాత శిక్షణ స్థిరపరుస్తుంది. కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లో ఈ సంగతిని లెక్కలతో చూపించారు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. డ్రాఫ్ట్‌కు పనికొచ్చే అసలు విషయం 2013లో వచ్చింది. రాబర్ట్ డీనర్, ఆరన్ లోవెన్, స్టీఫెన్ కోబ్లీ 1980 నుంచి 2006 దాకా ఎంపికైన కెనడా ఆటగాళ్లను పరిశీలించారు. ఎంపికైనవాళ్లలో 36 శాతం మంది ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు, చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్లు 14.5 శాతమే. రెండో సగంలో, అంటే జులై నుంచి డిసెంబరు మధ్య పుట్టినవాళ్లు మొత్తం 34 శాతం. కానీ ఎంపికైన వీళ్లందరూ కలిసి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన ఆటల్లో 42 శాతం, గోలు కొట్టినందుకో, గోలుకు సాయపడినందుకో సాధించిన పాయింట్లలో 44 శాతం ఈ 34 శాతం మందివే. వాళ్ల తర్వాతి ఆటను బట్టి చూస్తే, జనవరి–మార్చి పిల్లలతో పోల్చినప్పుడు వాళ్లను నలభైకి పైగా వంతులు ఆలస్యంగా ఎంచుకున్నట్టు తేలింది.

అంటే జట్లు పిల్లల హాకీలో మొదలైన పొరపాటును పద్దెనిమిదేళ్ల దగ్గర సరిదిద్దలేదు, కొనసాగించాయి. ఎదుగుదల ముందే అయిపోయినవాడి బలాన్ని ప్రతిభ అనుకున్నాయి. ఇంకా ఎదగాల్సినవాడి ఒడ్డూపొడుగూ చూసి లోటు అనుకున్నాయి.

డ్రాఫ్ట్‌కు ఇంకో గీత కూడా ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిది నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి, 2016లో మొదటి వంతులో టొరంటోకు వెళ్లాడు. 2015లో మొదటి వంతులో ఎడ్మంటన్‌కు వెళ్లిన కానర్ మెక్‌డేవిడ్ అతని కన్నా ఎనిమిది నెలలే పెద్ద. ఒకే డ్రాఫ్ట్‌లో నిలబడిన ఇద్దరి మధ్య కూడా దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. పదిహేడేళ్ల తొమ్మిది నెలలకు కొట్టిన గోలుకూ, పద్దెనిమిదేళ్ల ఎనిమిది నెలలకు కొట్టిన గోలుకూ ఒకే విలువ ఇవ్వకూడదు. వయసును ఏళ్లలో కాక నెలల్లో లెక్కపెట్టడం ఎంపికలో చేయగలిగిన అతి చౌకైన దిద్దుబాటు.

ఏ లీగ్ పాయింటు ఎంత?

కుర్రాళ్లు ఒకేచోట ఆడరు. ఒకడు కెనడా జూనియర్ లీగ్‌లో తన ఈడువాళ్లతో ఆడతాడు. ఇంకొకడు స్వీడన్‌లో ముప్పై ఏళ్ల మగవాళ్ల మధ్య ఆడతాడు. మూడోవాడు అమెరికాలో కాలేజీకి ఆడతాడు. ఈ పాయింట్లను నేరుగా పోల్చడం డాలర్లనూ రూపాయలనూ కలిపి కూడటం లాంటిది. ముందు మారకపు రేటు కావాలి. ఒక లీగ్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిన ఆటగాళ్లందరినీ తీసుకుని, అక్కడ ఆటకు ఎన్ని పాయింట్లు వచ్చేవి, ఇక్కడికి వచ్చాక ఎన్ని వచ్చాయి అని చూస్తే ఆ రేటు తెలుస్తుంది. గేబ్రియల్ డెజార్డిన్స్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు.

ఒక జూనియర్ లీగ్ రేటు 0.3, ఒక పెద్దవాళ్ల లీగ్ రేటు 0.6 అనుకుందాం. జూనియర్‌లో ఆటకు 1.5 పాయింట్లు సాధించినవాడి విలువ 0.45, అంటే 82 ఆటల సీజన్‌కు 37 పాయింట్లు. పెద్దవాళ్ల మధ్య ఆటకు 0.8 మాత్రమే తెచ్చినవాడి విలువ 0.48, అంటే 39 పాయింట్లు. పట్టికలో సగమే కనిపించినవాడు నిజానికి ఒక అడుగు ముందున్నాడు. పైగా పెద్దవాళ్ల జట్లలో కుర్రాళ్లను మంచు మీదికి కొద్ది నిమిషాలే పంపుతారు. నిమిషాల లెక్కన చూస్తే అతని విలువ ఇంకా పెరగవచ్చు.

ఈ లెక్కకూ ఒక బలహీనత ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లగలిగినవాళ్ల నుంచే రేటు కట్టాం. వెళ్లలేకపోయినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. అందుకే కామ్ లారెన్స్, జోష్ వైస్‌బాక్ మరో దారి పట్టారు. ఇదే లీగ్‌లో, ఇదే వయసులో, ఇంచుమించు ఇదే ఎత్తుతో, ఇన్నే పాయింట్లు సాధించిన పాత ఆటగాళ్లందరినీ వెతికారు. వాళ్లలో ఎంతమంది ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకున్నారో చూశారు. అప్పుడు ఓడినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు, జవాబు ఒక సంభావ్యతగా వస్తుంది. ‘ఇతను స్టార్ అవుతాడు’ అన్న మాట కన్నా ‘ఇలాంటి పదిమందిలో ముగ్గురు నిలబడ్డారు’ అన్న మాట నిజాయతీ గలది.

పక్కన ఎవరున్నారు?

ఐస్ హాకీలో గోలు కొట్టినవాడితో పాటు, దానికి ముందు పక్ అందించినవాళ్లలో ఇద్దరి దాకా చెరో పాయింటు ఇస్తారు. అలా అందించడాన్ని ‘అసిస్ట్’ అంటారు. గొప్ప ఆటగాడి పక్కన ఉంటే రెండో అసిస్ట్ ఊరికే వచ్చిపడవచ్చు. అందుకే విశ్లేషకులు గోల్స్‌కూ, మొదటి అసిస్ట్‌లకూ ఎక్కువ విలువ ఇస్తారు.

అలెక్స్ డిబ్రిన్‌కాట్ కథ ఈ చిక్కును బాగా చూపిస్తుంది. 2014–15లో ఎరీ ఆటర్స్ అనే జూనియర్ జట్టులో అతను 51 గోల్స్ కొట్టాడు. కానీ అదే జట్టులో మెక్‌డేవిడ్ ఉన్నాడు. ఆ గోల్స్ ఎవరి పుణ్యమని అందరూ అడిగారు. మరుసటి ఏడాది మెక్‌డేవిడ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు. డిబ్రిన్‌కాట్ మళ్లీ సరిగ్గా 51 కొట్టాడు. డిలన్ స్ట్రోమ్ అనే మరో మేటి ఆటగాడు ఇంకా ఆ జట్టులోనే ఉన్నాడు కనుక అనుమానం పూర్తిగా పోలేదు గానీ, సాక్ష్యం మాత్రం బలపడింది. అయినా 2016 డ్రాఫ్ట్‌లో అతను 39వ వంతు దాకా మిగిలిపోయాడు. షికాగో తీసుకుంది. రెండో సీజన్‌కే ఎన్‌హెచ్‌ఎల్‌లో 41 గోల్స్ కొట్టాడు.

అతను మిగిలిపోవడానికి మరో కారణం ఎత్తు: అయిదడుగుల ఏడంగుళాలు. 2011లో 104వ వంతులో కాల్గరీకి దొరికిన జానీ గాడ్రో, 2014లో 79వ వంతులో టాంపా బేకు దొరికిన బ్రేడెన్ పాయింట్ కూడా పొట్టివాళ్లే. హాకీలో ఎత్తుకు ఉపయోగం లేదని ఎవరూ అనరు. కానీ పొట్టివాడు ఆ గోల్స్‌ను ఆ ఎత్తుతోనే కొట్టాడు. ఎత్తు లోటు అప్పటికే అతని లెక్కలో కలిసిపోయి ఉంది. దాన్ని మళ్లీ ఒకసారి తీసేయడం ఒకే తప్పుకు రెండుసార్లు జరిమానా వేయడమే. అందరూ అలా చేస్తున్నప్పుడు, చేయని జట్టుకు మంచి ఆటగాడు ఆలస్యంగా, చౌకగా దొరుకుతాడు.

కన్ను దేనికి కావాలి?

అంకెలు ఇంత చెబుతుంటే, తిరిగి ఆట చూసి కుర్రాళ్లను వెతికే స్కౌట్ అవసరం పోయిందా? పోలేదు. పక్ తన దగ్గరకు రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకునే అలవాటు, ఒత్తిడిలో పక్‌ను ఎక్కడికి పంపుతాడన్నది, ఏ బలహీనత శిక్షణతో పోతుంది, ఏది పోదు అన్నవి పాయింట్ల పట్టికలో ఉండవు. డెట్రాయిట్ జట్టుకు యూరప్‌లో స్కౌట్‌గా పనిచేసిన హాకన్ ఆండర్సన్ సూచన మీదే ఆ జట్టు 1998లో పావెల్ డాట్స్యుక్‌ను 171వ వంతులో, 1999లో హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ను 210వ వంతులో తీసుకుంది. 2008లో డెట్రాయిట్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు జట్టుకు వెన్నెముకగా నిలిచినవాళ్లలో వాళ్లిద్దరూ ఉన్నారు.

అయితే కంటికి కనిపించేదంతా పనికొచ్చేది కాదు. డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లకు శారీరక పరీక్షలు పెడతారు. 2014లో శామ్ బెనెట్ కడ్డీ పట్టుకుని ఒక్క పుల్‌అప్ కూడా తీయలేకపోయాడని పెద్ద చర్చ నడిచింది. కాల్గరీ అతన్ని నాలుగో వంతులో తీసుకుంది. 2025లో ఫ్లోరిడా తరఫున ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా అతను కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. ఎదుగుతున్న ఒంటికి బలం తర్వాత కూడా వస్తుంది.

వంతు విలువ

కుర్రాణ్ణి అంచనా వేసినట్టే వంతునూ అంచనా వేయాలి. గణాంక శాస్త్రజ్ఞుడు మైఖేల్ షకర్స్ కట్టిన లెక్కల్లో మొదటి కొన్ని వంతుల విలువ నిటారుగా పడిపోతుంది. ఆ తర్వాత రేఖ దాదాపు చదునుగా సాగుతుంది. మొదటి వంతుకూ పదో వంతుకూ మధ్య చాలా దూరం ఉంది. నూరో వంతుకూ నూట పదో వంతుకూ మధ్య దాదాపు ఏమీ లేదు. కాబట్టి కింది రౌండ్లలో ఒక వంతు ఇచ్చి రెండు తీసుకోవడం మంచి బేరం. ఫలానావాడే కావాలని పైకి ఎగబాకడం మన అంచనా మీద మనకున్న అతి నమ్మకానికి కట్టే వెల. అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఈ అతి నమ్మకాన్ని కేడ్ మాసీ, తర్వాత నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ వివరంగా చూపించారు.

గోల్‌కీపర్ల విషయంలో ఈ వినయం ఇంకా ఎక్కువ కావాలి. వాళ్లు ఆలస్యంగా పండుతారు, వాళ్ల అంకెలు ముందున్న డిఫెండర్లను బట్టి మారుతాయి. 2025లో ఎన్‌హెచ్‌ఎల్ అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచిన గోల్‌కీపర్ కానర్ హెలబక్ 2012లో 130వ వంతులో దొరికినవాడు. ‘మాకు ఇప్పుడు గోల్‌కీపర్ లోటుంది’ అని పై వంతును ఖర్చు చేయడమూ సబబు కాదు. కుర్రాడు తయారయ్యే నాలుగైదేళ్లలో జట్టు అవసరాలే మారిపోతాయి. అందుబాటులో ఉన్నవాళ్లలో మేటివాణ్ణి తీసుకోవడమే మేలు.

ఫలితాలను తూచేటప్పుడూ ఒక జాగ్రత్త అవసరం. బారీ స్టా, హా హొయాంగ్ 1995లో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏను పరిశీలించారు. ఆట ఒకేలా ఉన్నా, ముందు వంతులో వచ్చినవాడికి ఎక్కువ నిమిషాలు దొరికాయి. పెట్టిన ఖర్చును సమర్థించుకోవాలన్న తాపత్రయమది. కింది వంతులో వచ్చినవాడు రాణించలేదంటే, అతనికి ఎన్ని అవకాశాలిచ్చారని కూడా అడగాలి.

తెలిస్తే చాలదు

ఈ విషయం మంచు మీదే ఆగదు. పిల్లలను వయసు గీతతో విడగొట్టి ఎంపిక చేసే ప్రతిచోటా ఇదే సమస్య ఉంది. మన క్రికెట్‌లో వయోవిభాగాలకు గీత సెప్టెంబరు 1. అండర్-16 కుర్రాళ్లకు ఎముకల వయసు పరీక్ష కూడా చేస్తారు. వయసు దాచేవాళ్లను అది పట్టుకోగలదు. వయసు నిజంగానే చెప్పిన ఇద్దరి మధ్య ఉన్న పదకొండు నెలల తేడాను మాత్రం సరిచేయదు. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో సెలక్షన్స్‌కు వచ్చిన పిల్లల్లో గీతకు అటు చివర పుట్టినవాడు చిన్నగా, నెమ్మదిగా కనిపిస్తాడు. ఇంటికి పంపేస్తే అతనేమయ్యేవాడో ఎప్పటికీ తెలియదు.

దీనికి ఆశ కలిగించే జవాబు 2017లో డేవిడ్ మాన్, ప్లూన్ వాన్ గిన్నెకెన్ చేసిన ఒక ప్రయోగంలో ఉంది. ఫుట్‌బాల్ స్కౌట్లకు పిల్లల ఆట చూపించి ప్రతిభ క్రమంలో పెట్టమన్నారు. వయసు వివరాలేవీ ఇవ్వనివాళ్లు పెద్దపిల్లల వైపు మొగ్గారు. పుట్టినతేదీల జాబితా చేతికి ఇచ్చినవాళ్లూ మొగ్గారు. చొక్కా మీది అంకెలను వయసు క్రమంలో వేసి, ఆ సంగతి చెప్పి చూపించినప్పుడే ఆ మొగ్గు పోయింది. తేదీ కాగితం మీద ఉంటే చాలలేదు, ఆట చూసే క్షణంలో కంటి ముందు ఉండాల్సి వచ్చింది.

ఎంపిక చేసే ఏ బృందమైనా దీన్ని రేపటి నుంచే పాటించవచ్చు. ప్రతి పేరు పక్కన నెలల్లో వయసు, లీగ్ రేటు, నిమిషాలు, పక్కన ఆడినవాళ్ల పేర్లు రాసుకోవాలి. స్కౌట్లు ఒకరి మాట ఒకరు వినకముందే విడివిడిగా మార్కులు వేయాలి. ఆ తర్వాతే చర్చ మొదలుకావాలి. దీనివల్ల భవిష్యత్తు తెలిసిపోదు. కానీ పుట్టిన నెలకో, పక్కవాడి ఆటకో, అంగుళాల ఎత్తుకో మంచి ఆటగాణ్ణి వదులుకునే పొరపాటు తగ్గుతుంది. ఒక జట్టుకు అది లాభం, ఒక పిల్లవాడికి న్యాయం.